మెట్నర్ మాష్టారు, మైసూరు మహారాజు

బంగారు సీమ చరిత్ర – ధారావాహిక

గత వారం మన కథ 1902 దగ్గర ఆగింది. కావేరి మీద శివసముద్రంలో పుట్టిన కరెంటు దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీదుగా కోలారు బంగారు గనులకు చేరిన ఏడాది అది. ఈ వారం గనిలోకి దిగకుండా, ఆ గనులున్న రాజ్యాన్ని ఏలిన ఆఖరి మహారాజు దగ్గరికి వెళ్దాం. లండన్‌లో పాఠాలు చెప్పుకుని బతుకుతున్న ఒక వృద్ధ పియానో మాష్టారి సంగీతం మరుగున పడిపోకుండా ఆయన ఎలా కాపాడాడన్నది ఈ భాగం.

ఆ మాష్టారి పేరు నికొలాయ్ మెట్నర్. పుట్టింది మాస్కోలో, వంశం జర్మన్, కన్నుమూసింది లండన్‌లో. కోలారు నేల మీద ఆయన ఏనాడూ అడుగు పెట్టలేదు. అయినా మైసూరు రాజ్య చరిత్ర రాసేవాడు ఆయన్ని వదిలేయకూడదు. ఒక గురువు చెప్పిన విద్య ఎలా నిలుస్తుంది, ఎవరి వల్ల నిలుస్తుంది అన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు మరో కథలో నాకు దొరకలేదు.

గనుల ఊళ్ళో దొరల సంగీతం

1870లలో ఐరిష్ మాజీ సైనికుడు మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ కోలారు నేలలో బంగారం తవ్వుకోవడానికి మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకున్నాడు. 1880లో లండన్‌కి చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. ఆ తర్వాత ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం, నందిదుర్గం గనుల చుట్టూ ఒక కొత్త లోకమే వెలిసింది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని మేస్త్రీలు వచ్చారు. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, సేలం వైపుల నుంచి కూలీలు వచ్చారు. దొరల బంగళాలు, క్లబ్బు, చర్చిలు, టెన్నిస్ కోర్టులు చూసి ఆ ఊరిని లిటిల్ ఇంగ్లండ్ అన్నారు. కూలి లైన్లలో తమిళం, తెలుగు, కన్నడం కలగలిసి వినిపించేవి. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి పల్లెల్లో ఇవాళ్టికీ ఇంటి మాట తెలుగే అన్న సంగతి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఈ దొరల లోకంలో పాశ్చాత్య సంగీతం క్లబ్బు డాన్సులకూ చర్చి ఆరాధనకూ పరిమితం. మైసూరు రాజభవనంలో మాత్రం అది విద్యగా వేళ్ళూనుకుంది. అప్పటి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ వీణ, వేణువు, వయొలిన్‌లతో పాటు పియానో కూడా వాయించేవాడు. ప్యాలెస్ ఆర్కెస్ట్రాను నడిపించడానికి ఒట్టో ష్మిత్ అనే జర్మన్ సంగీతకారుణ్ణి పెట్టుకున్నారు. ఒకే రాజభవనంలో ఒక గదిలో వీణ వేంకటగిరియప్ప పాఠం, ఇంకో గదిలో బీథోవెన్. ఆ రెండు గదుల మధ్య తిరుగుతూ పెరిగిన పిల్లవాడే నాల్వడి తమ్ముడి కొడుకు జయచామరాజ ఒడెయార్. 1919 జూలై 18న పుట్టాడు.

మాస్కోలో ఒక జర్మన్ ఇల్లు

జయచామరాజ పుట్టేనాటికి మెట్నర్‌కు 39 ఏళ్ళు. మన లెక్కలో 1880 జనవరి 5న, పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1879 డిసెంబరు ఆఖరున పుట్టాడు. తండ్రి మాస్కోలో లేసు తయారు చేసే ఫ్యాక్టరీకి మేనేజరు. తల్లి పాడేది. పియానో మీద మొదటి పాఠాలు ఆమే చెప్పింది. తర్వాత మేనమామ ఫ్యోదర్ గేదికె చేతిలో పెట్టారు. ఇంట్లో గోథే కవిత్వమూ బీథోవెన్ సంగీతమూ నిత్యం నడిచేవి. పౌరసత్వం రష్యాది, చదువూ సంస్కారమూ సగం జర్మనీవి.

పదేళ్ళు దాటాక మాస్కో కన్సర్వేటరీలో చేరాడు. అక్కడ ఆయనకు దొరికిన గురువుల్లో ముఖ్యుడు పావెల్ పబ్స్ట్. పబ్స్ట్ అసలు జర్మన్. 1854లో తూర్పు ప్రష్యాలోని క్యోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టాడు. కన్సర్వేటరీ స్థాపకుడు నికొలాయ్ రూబిన్‌స్టైన్ పిలిస్తే 1878లో మాస్కో వచ్చి, ఇక అక్కడే ఉండిపోయాడు. స్వరకర్త చైకోవ్‌స్కీకి ఆప్తుడు. మరో స్వరకర్త రాఖ్మానినోవ్ రెండు పియానోల కోసం రాసిన మొదటి స్వీట్‌ను 1893లో తొలిసారి వాయించినప్పుడు పక్క పియానో దగ్గర కూర్చున్నది ఈ పబ్స్టే.

రష్యన్ పియానో సంప్రదాయం అని ప్రపంచం మెచ్చుకునే దాంట్లో ఈ జర్మన్ మాష్టారి వాటా పెద్దది. ఇగూమ్నోవ్, గోల్డెన్‌వైజర్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. తర్వాత సోవియట్ కాలమంతా మాస్కోలో ఎన్నో తరాల పియానిస్టులను తయారు చేసింది ఆ ఇద్దరూ. మన సంగీతంలో శిష్య పరంపర చెప్పుకున్నట్టే వాళ్ళూ చెప్పుకుంటారు. త్యాగరాజు నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన నుంచి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, ఆయన నుంచి మైసూరు వాసుదేవాచార్యులు అని మనం వేళ్ళు మడిచి లెక్కపెడతాం కదా, అలాంటి వరసే అది.

1897లో పబ్స్ట్ నడివయసులోనే పోయాడు. మెట్నర్ చదువు వసిలీ సఫోనోవ్ దగ్గర సాగింది. 1900లో కన్సర్వేటరీ నుంచి బంగారు పతకంతో బయటికి వచ్చాడు. సఫోనోవ్ కోరిక ఒకటే: ఊరూరా కచేరీలు చేసి పేరు తెచ్చుకోవాలి. కుర్రవాడు ఒప్పుకోలేదు, రాయడమే తన పని అన్నాడు. మరో పెద్దాయన, సంగీతజ్ఞుడు తనేయెవ్, వెన్ను తట్టాడు. అలా మెట్నర్ జీవితం ఖాయమైంది: పగలు రచన, మధ్యలో పాఠాలు, అవసరం పడ్డప్పుడు కచేరీ.

పాఠం చెప్పడం కూడా రచనే

1909లో కన్సర్వేటరీ ఆయన్ని అధ్యాపకుడిగా తీసుకుంది. రాసుకోవడానికి వేళ చాలడం లేదని ఏడాదికే మానుకున్నాడు. 1915లో మళ్ళీ వెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధం, తర్వాత విప్లవం. మాస్కోలో కట్టెలకూ రొట్టెకూ కటకటగా ఉన్న రోజుల్లో కూడా ఆయన పాఠాలు ఆపలేదు. అబ్రామ్ షాత్స్కెస్, పాంతెలేయ్‌మోన్ వసీల్యెవ్ లాంటి శిష్యులు ఈ కాలంలోనే తయారయ్యారు.

ఆయన శిష్యులు దాచుకున్న పాఠాల సారం ఇదీ. ముందు చెవి, తర్వాత వేళ్ళు. నొక్కిన ప్రతి మెట్టూ మోగుతుంది, కానీ మోగిందంతా సంగీతం కాదు. శబ్దం నిశ్శబ్దంలోంచి పుట్టాలి. అందుకే మొదలుపెట్టే ముందు లోపల వినాలి, వాయిస్తున్నంతసేపూ వినాలి, ఆపాక కూడా వినాలి. చెయ్యి బిగుసుకుంటే వెంటనే ఆపాలి. అలసిన చేత్తో వందసార్లు సాధన చేస్తే తప్పునే వందసార్లు బలపరిచినట్టు. అక్కర్లేని కదలిక ఒక్కటీ ఉండకూడదు. నెమ్మదిగా వాయించాలి, మెత్తగా వాయించాలి. కళ్ళు మూసుకుని చెవి ఒక్కదాన్నే నమ్ముకోవాలి. సాంకేతిక సాధన వేరు, భావం వేరు అని విడదీయకూడదు. స్వరసాధనలో కూడా పాట ఉండాలి.

వీణ మీద సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్ళెవరికైనా ఈ మాటలు కొత్తగా అనిపించవు. గమకం చేతికి రాకముందు చెవికి రావాలని మన పెద్దలూ అంటారు. ఊరు వేరు, వాద్యం వేరు. మంచి మాష్టారు శిష్యుడి చెవిని పట్టుకునే పాఠం మొదలుపెడతాడు.

పరాయి ఊళ్ళో ముసలితనం

1921లో మెట్నర్ భార్య ఆన్నాతో రష్యా వదిలాడు. జర్మనీలో నిలదొక్కుకోవాలని చూశాడు. పూర్వీకుల దేశం, తనకు ప్రాణమైన గోథే దేశం. కానీ అక్కడ ఆయన సంగీతానికి గిరాకీ లేదు. కాలం మారిపోయింది. కొత్త సంగీతం శ్రుతి కట్టునే కాదని ముందుకు వెళ్తోంది. మెట్నర్ దానికి తలవంచలేదు. సంగీతానికి కొన్ని శాశ్వత ధర్మాలున్నాయనీ, వాటిని కాదంటే భాషే పోతుందనీ నమ్మాడు. ఆ నమ్మకాన్ని పుస్తకంగా రాస్తే 1935లో రాఖ్మానినోవ్ తన ప్రచురణ సంస్థ ద్వారా పారిస్‌లో అచ్చు వేయించాడు.

రాఖ్మానినోవ్ చేసిన మేలు అంతటితో ఆగలేదు. 1924–25లో మెట్నర్‌కు అమెరికా కచేరీలు ఏర్పాటు చేయించాడు. తన నాలుగో పియానో కాన్సెర్టోను (ఆర్కెస్ట్రా తోడుగా పియానో వాయించే పెద్ద రచన) ఆయనకు అంకితమిచ్చాడు. మెట్నర్ తన రెండో కాన్సెర్టోను రాఖ్మానినోవ్‌కు అంకితమిచ్చాడు. ఒకరు లోకప్రసిద్ధుడు, ఇంకొకరు సంగీతకారులకు మాత్రమే తెలిసినవాడు. అయినా స్నేహంలో ఎక్కువ తక్కువలు లేవు.

ఫ్రాన్సులో పదేళ్ళు గడిపి, 1935లో దంపతులు లండన్ చేరి గోల్డర్స్ గ్రీన్ పేటలో కాపురం పెట్టారు. ఇంగ్లండ్‌లో కొద్దిమందైనా ఆయన్ని మనసారా విన్నారు. శిష్యులు దొరికారు. అంతలో 1939లో మళ్ళీ యుద్ధం. లైప్‌జిగ్ ప్రచురణకర్తల నుంచి వచ్చే నాలుగు డబ్బులూ ఆగిపోయాయి. కచేరీలు ఆగిపోయాయి. లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఎడ్నా ఐల్స్ అనే ఇంగ్లీషు పియానిస్టు కుటుంబం వార్విక్‌షైర్‌లో ఈ వృద్ధ దంపతులకు ఆశ్రయమిచ్చింది. ఎడ్నా ఆయన రచనలను ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకున్న మనిషి. గురుదక్షిణ అన్న మాటకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 1942లో మెట్నర్‌కు గుండెపోటు వచ్చింది. కోలుకుంటూనే మూడో కాన్సెర్టో పూర్తి చేశాడు. 1944లో లండన్‌లో తానే వాయించాడు.

యుద్ధం ముగిసేసరికి ఆయనకు 65 ఏళ్ళు. ఆరోగ్యం చెడింది. రాసినదంతా కాగితం మీద ఉంది. కాన్సెర్టోలు మూడు, పియానో సొనాటాలు 14, కథలు చెబుతున్నట్టు సాగే చిన్న చిన్న రచనలు డజన్ల కొద్దీ, పాటలు వందకు పైగా. ఆయన చేతిలో అవి ఎలా పలికాయో వినడానికి రికార్డులు చాలా కొద్ది. ఆయన పోతే ఆ బాణీ కూడా ఆయనతోనే పోతుంది.

మైసూరులో ఒక శ్రోత

ఇక్కడ మైసూరు మహారాజు కథలోకి వస్తాడు. యువరాజుగా ఉన్నప్పుడు జయచామరాజ ఒడెయార్ కోరిక రాజ్యం కాదు, పియానో. కచేరీ పియానిస్టు కావాలనుకున్నాడు. 1940 మార్చిలో తండ్రి పోయాడు, ఆగస్టులో పెదనాన్న నాల్వడి పోయాడు. 21 ఏళ్ళ కుర్రవాణ్ణి సెప్టెంబరులో సింహాసనం మీద కూర్చోబెట్టారు. కచేరీ కల అక్కడితో ముగిసింది. విద్య మాత్రం ఆగలేదు. లండన్ గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయం లైసెన్షియేట్ పట్టా తీసుకున్నాడు. 1945లో ట్రినిటీ సంగీత కళాశాల ఆయనకు గౌరవ ఫెలోషిప్ ఇచ్చింది.

వేదిక దక్కని మనిషి శ్రోతగా ఎదిగాడు. ఆయన రికార్డుల సంఖ్య 20,000 దాకా ఉంటుందని ఆనాటి అంచనా. ఎవరూ పట్టించుకోని సంగీతకారులను వెతికి వెతికి వినేవాడు. అలా విన్నవాళ్ళలో మెట్నర్ ఒకడు. ఆ సంగీతం మొదటిసారికే అందేది కాదు. లోపల ఒకదానిలో ఒకటి అల్లుకున్న రాగరేఖలు నాలుగైదుసార్లు వింటే గానీ విడివడవు. మైసూరు మహారాజు అన్నిసార్లూ విన్నాడు. విని, ఆ రచనలను సంగీతకారుడి చేతనే రికార్డు చేయించాలని, ఖర్చంతా తాను భరించాలని నిశ్చయించుకున్నాడు. మెట్నర్ పేర ఒక సొసైటీ ఏర్పడింది.

ఇంగ్లండ్‌లో పేరుమోసిన రికార్డు నిర్మాత వాల్టర్ లెగ్ 1946లో మైసూరు వచ్చాడు. రాజభవనంలో కొండలా పేరుకున్న రికార్డులు, రకరకాల లౌడ్‌స్పీకర్లు, పెద్ద పియానోలు చూసి ఆశ్చర్యపోయాడు. లెగ్ అప్పటికే 1945లో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా స్థాపించి, దాన్ని నిలబెట్టుకోవడానికి డబ్బు వెతుక్కుంటున్నాడు. మూడేళ్ళ పాటు ఏడాదికి 10,000 పౌండ్ల చొప్పున ఇస్తానని మహారాజు ఒప్పుకున్నాడని ఆయనే రాసుకున్నాడు. 1948లో ఫిల్హార్మోనియా కన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు మన మైసూరు ప్రభువే.

లక్క పలకల మీద

1947లో పని మొదలైంది. ఆ రికార్డింగు ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. అప్పటికి టేపు వాడకం స్థిరపడలేదు. తిరుగుతున్న మెత్తని మైనపు పలక మీద సూది గాడి గీస్తుంది. 12 అంగుళాల పలక ఒక వైపున నాలుగు, మహా అయితే అయిదు నిమిషాలే పడతాయి. మూడో కాన్సెర్టో 35 నిమిషాలు. అంటే దాన్ని ఎనిమిది తొమ్మిది ముక్కలుగా కోయాలి. ప్రతి ముక్కా మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున రావాలి. మధ్యలో ఒక్క స్వరం తప్పినా, ఒక్క దగ్గు వినిపించినా ఆ పలక పారేసి మళ్ళీ మొదలు. అతకడం, దిద్దడం ఉండవు. ముక్క ఎక్కడ ఆగిందో, తర్వాతి ముక్క అదే వేగంతో, అదే భావంతో అందుకోవాలి.

గుండె జబ్బుతో ఉన్న 67 ఏళ్ళ మనిషి ఇలా వాయించాడు. మూడు కాన్సెర్టోలూ 1947, 1948లలో పూర్తయ్యాయి. ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా తోడుగా నిలిచింది. రెండో, మూడో కాన్సెర్టోలకు ఇస్సాయ్ దోబ్రోవెన్, మొదటి దానికి జార్జ్ వెల్డన్ ఆర్కెస్ట్రాను నడిపారు. దోబ్రోవెన్ కూడా మాస్కో కన్సర్వేటరీలో చదివినవాడే. తర్వాత సొనాటాలు, చిన్న రచనలు, పియానో క్వింటెట్, పాటలు రికార్డు చేశారు. 1950లో జర్మన్ గాయని ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ పాడుతుంటే మెట్నర్ పక్కన పియానో వాయించాడు.

ఆ రికార్డులు హిజ్ మాస్టర్స్ వాయిస్ సంపుటాలుగా వచ్చాయి. ఆ కాలపు రికార్డు పలకలు షెల్లాక్‌తో, అంటే లక్కతో పోసేవారు. ఆ లక్కలో పెద్ద భాగం మన దేశపు అడవుల నుంచి వెళ్ళేది. డబ్బు మైసూరుది, పాట మాస్కోలో పెరిగిన జర్మన్ వంశీకుడిది. అది గాడి కట్టుకున్నది మన అడవి చెట్ల లక్క మీద.

మెట్నర్ తన మూడో కాన్సెర్టోను కృతజ్ఞతతో మైసూరు మహారాజుకు అంకితమిచ్చాడు. ఈ మాష్టారు అంకితమిచ్చేటప్పుడు ఆచితూచి ఇచ్చేవాడు. రెండోది రాఖ్మానినోవ్‌కు, మూడోది మైసూరుకు. ఆ వరసను చూస్తే ఆయన మనసులో ఈ శ్రోతకున్న చోటు తెలుస్తుంది.

మహారాజు ఔదార్యం మెట్నర్‌తో ఆగలేదు. 1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో మరో జర్మన్ సంగీతకారుడు రిచర్డ్ స్ట్రౌస్ రాసిన నాలుగు చివరి పాటలు మొదటిసారి వినిపించాయి. స్ట్రౌస్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు. కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ పాడింది, ఫుర్త్‌వెంగ్లర్ ఆర్కెస్ట్రాను నడిపాడు. ఆ కచేరీకి 4,800 డాలర్ల పూచీ ఇచ్చింది మైసూరు మహారాజు. స్వయంగా వెళ్ళి వినలేకపోయాడు. రికార్డు చేయించి మైసూరుకు తెప్పించుకున్నాడు.

1951 నవంబరు 13న మెట్నర్ లండన్‌లో పోయాడు.

గని కార్మికుడి వైపు నుంచి

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఈ ధారావాహికకు న్యాయం జరగదు. లెగ్ మైసూరు రాజభవనం చూసి వెళ్ళిన 1946లోనే కోలారు గనుల్లో కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అంతకు ముందు 1930లో, తమను నేరస్తుల్లా వేలిముద్రలతో నమోదు చేసే పద్ధతి వద్దని పని ఆపారు. రాయి పగిలి మీద పడే ప్రమాదం గనిలో నిత్యం ఉండేది. సిలికా ధూళి ఊపిరితిత్తులను తినేసేది. ఛాంపియన్ రీఫ్ అడుగున మూడు కిలోమీటర్లకు పైగా లోతులో మనుషులు పనిచేశారు. ఆ బంగారం మీద రాయల్టీ మైసూరు ఖజానాకు చేరేది.

కాబట్టి మహారాజు ఔదార్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ రాజ్యపు సంపద ఏ చేతుల నుంచి వచ్చిందో గుర్తుంచుకోవాలి. సంగీతానికి పెట్టిన ఖర్చు వృథా అని నేను అనను. కోలారు గనుల చరిత్రలో రాజ్యానికి అందినదంతా ఒక పక్కన, కార్మికుడికి దక్కిన ఇరుకు గుడిసె ఇంకో పక్కన ఉన్నప్పుడు రెండూ ఒకే పుటలో రాయడం చరిత్రకారుడి విధి. 120 ఏళ్ళలో ఆ గనులు 800 టన్నుల దాకా బంగారం ఇచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ ఊళ్ళో తరతరాలుగా బతికినవాళ్ళకు మిగిలింది సయనైడు దిబ్బలూ, పొద్దున్నే బెంగళూరుకు వెళ్ళే రైలూ.

మూడు దారులు

మెట్నర్ పోయాక ఆయన విద్య మూడు దారుల్లో నిలిచింది.

మొదటిది శిష్యులు. మాస్కోలో ఆయన వదిలి వచ్చిన శిష్యులు గురువు ప్రవాసి అయినా ఆయన పాఠం మరిచిపోలేదు. షాత్స్కెస్ మాస్కో కన్సర్వేటరీలోనే అధ్యాపకుడై ఆ బాణీని తన శిష్యులకు అందించాడు.

రెండోది నోటు పుస్తకాలు. 1958లో భార్య ఆన్నా భర్త కాగితాలన్నీ తీసుకుని స్వదేశానికి తిరిగి వెళ్ళింది. 1959 నుంచి 1963 వరకు ఆయన రచనలు 12 సంపుటాలుగా మాస్కోలో అచ్చయ్యాయి. ఆయన సాధన చేసేటప్పుడు తనకు తాను రాసుకున్న హెచ్చరికలను శిష్యులు ఏరి, 1963లో ఒక చిన్న పుస్తకంగా తెచ్చారు. పియానిస్టూ రచయితా రోజువారీ చేసే పని గురించిన పుస్తకం అది. పైన నేను చెప్పిన పాఠాల సారం అందులోదే. ఆ మాటలు ఆయన ఎవరినో మందలించడానికి రాసినవి కావు. తన చెయ్యి బిగుసుకున్న రోజున, తన చెవి ఏమరిన రోజున తనకే చెప్పుకున్నవి. అందుకే వాటిలో పెద్దరికం వినిపించదు.

మూడోది రికార్డులు. ఈ దారి వేసింది మైసూరు. ఒక రచనను ఎలా వాయించాలో పుస్తకం కొంతే చెబుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ స్వరం మీద నిలవాలి, ఏది దాటిపోవాలి అన్నది వింటేనే తెలుస్తుంది. 1970ల తర్వాత మెట్నర్ మీద మళ్ళీ ఆసక్తి పుట్టినప్పుడు కొత్త తరం ఆ రికార్డులను గురువుగా పెట్టుకుంది. హామిష్ మిల్న్, మార్క్-ఆంద్రే ఆమ్లాన్ ఆయన రచనలకు మళ్ళీ ప్రాణం పోశారు. ఆస్ట్రేలియా పియానిస్టు జెఫ్రీ టోజర్ 1990ల మొదట్లో మూడు కాన్సెర్టోలూ రికార్డు చేశాడు. టోజర్ పుట్టింది మన ముస్సోరీలో.

మహారాజు జీవితం మాత్రం మరో మలుపు తిరిగింది. మైసూరు వాసుదేవాచార్యుల దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, శ్రీవిద్య ముద్రతో 94 కృతులు రచించాడు. వాసుదేవాచార్యులు తెలుగులో రాసిన బ్రోచేవారెవరురా కృతి శంకరాభరణం సినిమా పుణ్యమా అని తెలుగు ఇంటింటికీ తెలుసు. దాన్ని రాసిన గురువే ఈ మహారాజుకూ గురువు. మహారాజు చెల్లెలు విజయాదేవి గుడ్ షెపర్డ్ కాన్వెంట్‌లో పియానో మొదలుపెట్టి, తర్వాత న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ష్టాయర్‌మన్ దగ్గర నేర్చుకుంది. 1974లో బెంగళూరులో ఒక సంగీత కళా సంస్థ స్థాపించి రెండు సంగీతాలనూ కొత్త తరానికి వినిపించింది. అదే ఏడాది సెప్టెంబరులో మహారాజు కన్నుమూశాడు.

మనం చేయవలసింది

గురువుకు శిష్యులుంటే చాలు, విద్య నిలుస్తుందని మనం అనుకుంటాం. మెట్నర్ కథ ఇంకో మాట చెబుతోంది. మనసు పెట్టి వినేవాడు కూడా విద్యను నిలబెడతాడు. జయచామరాజ ఒడెయార్ మెట్నర్ దగ్గర ఒక్క పాఠం నేర్చుకోలేదు. విన్నాడు, విలువ తెలుసుకున్నాడు, ఆ మాష్టారి చేతుల్లో సత్తువ ఉండగానే పని పూర్తి చేయించాడు. నాలుగేళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఆ చేతులే ఉండేవి కావు.

కోలారు సీమలో ఇవాళ అలాంటి గురువులు లేరా? కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను పిల్లలకు నేర్పే భజన గురువులు ఉన్నారు. బంగారు గనుల ఊరి చర్చిల్లో తరాలుగా పాటల బృందాలను నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. ముళబాగిలు పల్లెల్లో తెలుగు హరికథ చెప్పే పెద్దలు ఉన్నారు. వాళ్ళ బాణీలు ఏ పుస్తకంలోనూ ఉండవు. మహారాజు చాలా డబ్బు పెట్టవలసి వచ్చింది. మనకు జేబులో ఉన్న ఫోను చాలు. వాళ్ళ దగ్గర కూర్చోండి. పాట ఒక్కటే కాదు, పాఠం చెప్పే తీరు కూడా రికార్డు చేయండి. తప్పు పాడినప్పుడు పిల్లవాణ్ణి ఎలా దిద్దుతారో, ఏ సంగతి దగ్గర ఆపి మళ్ళీ పాడిస్తారో అదంతా దాచిపెట్టండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దు.

(వచ్చే వారం: కోలారు పొలిమేర దాటి మదనపల్లికి. 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చిన రవీంద్రుడు, జనగణమన బాణీని స్వరాల్లో రాసిన ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్.)